గడ్డి దూడ

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో రోజుకు నాలుగు గళ్లు: పొద్దున్నే లేవడం, స్నానం, అరగంట నడక, ఇంటి బయట ఒక మనిషితో మాట. చేసిన పనికల్లా టిక్కు పెట్టాలి. యాభై నాలుగేళ్లవాడిని, గడ్డం నెరిసినవాడిని, నిద్ర లేచినందుకు నాకు నేనే టిక్కు పెట్టుకోవాలట. ఆ కాగితం మొదటిసారి చూసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇదేం ఖర్మరా అనుకున్నాను.

మాది శాలిబండలో పాల వ్యాపారం. తాత నాటి నుంచి ఇంటి వెనక కొట్టంలో బర్రెలు ఉండేవి. చుట్టూ మేడలు లేచాయి, గడ్డిబండి సందులోకి రావడం మానేసింది, పేడ ఎక్కడ వేయాలన్నది రోజూ ఒక లొల్లి అయింది. రెండేళ్ల కింద, మిగిలిన ఐదు బర్రెలనూ కార్వాన్ వైపు ఉన్న దూరపు చుట్టానికి ఇచ్చేశాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఇక చాలు, నలభై ఏళ్లుగా చీకటితోనే లేస్తున్నాను, కాస్త పడుకుంటానని నేనే అన్నాను.

పడుకున్నాను. మళ్లీ లేవలేదు, అదే వచ్చిన చిక్కు.

కళ్లు మాత్రం నాలుగున్నరకే తెరుచుకునేవి. పైకప్పు చూస్తూ పది దాకా అట్లాగే ఉండేవాడిని. లేచి ఏం చేయాలి అంటే జవాబు దొరికేది కాదు. మొదట గడ్డం గీసుకోవడం మానేశాను, తర్వాత స్నానం, తర్వాత మాట. నా భార్య మొదట తిట్టింది, తర్వాత బతిమాలింది, ఆ తర్వాత నన్ను ఒంటరిగా వదిలి కూరగాయలకు పోవడానికి కూడా జంకింది. ఆమె ఎందుకు జంకుతోందో అర్థమైన రోజు నాకూ భయం వేసింది.

ఆఫీసులో పనిచేసే మా అమ్మాయి ఒక ఆదివారం నన్ను ఆటో ఎక్కించి మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మెత్తటి మాట. మందులు రాసి, ఈ కాగితం కూడా ఇచ్చింది.

"మనసు బాగుపడ్డాక పనులు మొదలుపెడదామని కూర్చోకండి. ముందు చిన్నచిన్న పనులు అలవాటు చేసుకోండి, మనసు మెల్లగా వెనకాలే వస్తుంది. మీకు ఇష్టమైన పని ఏదైనా ఉందాండీ?"

ఎంత ఆలోచించినా తట్టలేదు. నాకేది ఇష్టమో నన్నెవరూ అడగలేదు. బర్రెలు అసలే అడగలేదు.

అలవాటు లేని ఔపాసన చేస్తే మీసాలు కాలాయని సామెత. నా నడక అట్లాగే అయింది. మొదటి రోజు సందు చివరిదాకా పోయి ఆగిపోయాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పని లేకుండా నడిచేవాళ్లను నేనెప్పుడూ అనుమానంగానే చూసేవాడిని, ఇప్పుడు ఆ అనుమానం నా మీదికే వచ్చింది. మూడు రోజులు సందు చివరి నుంచే వెనక్కి తిరిగాను. నాలుగో రోజు కొట్టంలో మూలన పడి ఉన్న పాలక్యాను కనిపించింది. దుమ్ము దులిపి పట్టుకున్నాను. పిచ్చిపనే, ఒప్పుకుంటాను. కానీ పిడి కుడిచేతిలోకి రాగానే కాళ్లు వాటంతటవే కదిలాయి. పాత దారి, పాత మలుపులు. ఏ గుమ్మం దగ్గరా ఆగకుండా, ఎవరి ముఖమూ చూడకుండా అరగంట నడిచి ఇల్లు చేరాను. మూడు గళ్లు నిండాయి. మనిషితో మాట అన్న నాలుగో గడి మాత్రం ఖాళీగానే ఉంది.

ఖాళీ క్యానుతో ఇట్లా నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజు రెండో సందులో పచ్చ తలుపు ఇంటి ముసలామె గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాకు మీసాలు రానప్పటి నుంచి ఆమె ఇంట్లో పాలు పోశాను. ఖాలా అని పిలుస్తాను, మన పిన్ని అన్నట్టు. ఆమె మాట సగం ఉర్దూ, సగం తెలుగు.

"దూద్ లాయే క్యా, బేటా? పాలు తెచ్చినవా?"

రెండేళ్లుగా నేను పాలు పోయడం లేదన్న సంగతి మరిచిపోయిందనుకున్నాను. లేదంటే సరిపోయేది. కానీ చేతిలో క్యాను పెట్టుకుని పాలు లేవని, ఊరికే తిప్పుతున్నానని ఎట్లా చెప్పేది?

"రేపు తెస్త ఖాలా" అన్నాను.

ఇంటికొచ్చి నాలుగో గడిలో టిక్కు పెట్టాను. అబద్ధమైనా మాట మాటే కదా అనుకున్నాను.

రేపటికి పాలెక్కడివి? కార్వాన్ పోయి తెద్దామంటే ఆ బర్రెల ముఖం చూసే ధైర్యం లేదు. మర్నాడు ఐదింటికి లేచి, స్నానం చేసి, తెలిసినవాళ్లు లేని దుకాణం వెతుక్కుంటూ పోయి రెండు ప్యాకెట్లు కొన్నాను. దొంగలా కొట్టంలో దూరి వాటిని క్యానులో పోశాను. నీళ్లు కలుపుతారని మేం తరతరాలుగా మాటలు పడ్డవాళ్లం, వాటిలో కొన్ని న్యాయమైనవే. కానీ ప్యాకెట్ చింపి క్యానులో పోసిన పాపం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఖాలా గిన్నెలో కొలిచి పోసి, అలవాటు చొప్పున పైన కాస్త కొసరు కూడా పోశాను. ఆమె తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. నేను నిలబడి విన్నాను. పైసల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మూడు వారాలు అట్లా నడిచింది. కాగితం టిక్కులతో నిండిపోయింది. గడ్డం గీసుకున్నాను. నా భార్య గుడిమల్కాపూర్ మార్కెట్టుకు ఒక్కతే పోయి, తీరిగ్గా బేరాలాడి వచ్చింది. అమ్మాయి కాగితాన్ని ఫోటో తీసి డాక్టరమ్మకు పంపితే, చాలా బాగుంది, ఇట్లాగే కొనసాగించమని జవాబు వచ్చింది. ఏది కొనసాగించాలి? నడకనా, మోసాన్నా? బాగుపడ్డానా, బాగుపడ్డట్టు నటించడం అలవాటైందా? రోజంతా ఇదే తిరిగేది బుర్రలో. తల పట్టుకుని కూర్చునేవాడిని, తెల్లారితే మళ్లీ ప్యాకెట్ల కోసం పరుగెత్తేవాడిని.

చివరికి చింపిన ప్యాకెట్లు నా భార్యకు దొరికాయి. అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆమెదీ పాలవాళ్ల ఇల్లే.

"గడ్డి దూడను పెట్టినవన్న మాట" అంది.

బయటివాళ్లకు చెప్పాలి. ఈనిన బర్రె దూడ చచ్చిపోతే తల్లి పాలు చేపదు, పొదుగు బిగబట్టుకుంటుంది. అప్పుడు ఆ దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, తల్లి ముందు నిలబెడతారు. అది దాన్ని నాకుతూ పాలు వదులుతుంది. చిన్నప్పుడు అది చూసి నేను ఏడ్చాను. పాపం దానికి తెలియదు కదమ్మా అంటే, పాలు పిండుతూనే మా అమ్మ అన్నది: "తెల్వదని ఎవరన్నరు బిడ్డా? దాని పిల్ల వాసన దానికి తెల్వదా? బిగవట్టుకుంటె నొప్పి దానికే."

"ఖాలాకు చెప్పేసెయ్" అంది నా భార్య. "ముసలామెను మోసం జేస్తె మంచిగ గాదు."

చెప్పాలని నాకూ ఉంది. కానీ చెబితే గిన్నె ఉండదు. గిన్నె లేకపోతే ప్యాకెట్లు అక్కర్లేదు, క్యాను అక్కర్లేదు, ఐదింటికి లేవడం అక్కర్లేదు. మళ్లీ ఆ పైకప్పు కిందికే పోతాను. అయినా మర్నాడు గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఖాలా గిన్నె కింద పెట్టలేదు.

"మొదటి దినమే తెలుసు బేటా. నిండు క్యాను ఊగదు. నీది ఊగుతుండె."

"మరి పాలు తెచ్చినవా అని ఎందుకడిగినవ్?"

"నాలుగు దినాలు నా మంచం పక్క కిటికీ ముంగట్నుంచి పోయినవ్. ఒక్కసారి తల ఎత్తలె. గిన్నె పట్టుకుంటె ఆగుతవని పట్టుకున్న."

"మరి ఇన్ని దినాల పాలు?"

"మా ఇంట్ల గూడ ప్యాకెట్లే వస్తయి. నువ్వు పోసింది పిల్లి తాగుతది."

నాకు ఒళ్లు మండింది. నేను ఆమె ముందు గడ్డి దూడను పెట్టాననుకుంటే, ఆమే నా ముందు పెట్టింది. మూడు వారాలు కొసరుతో సహా పిల్లికి పాలు పోశాను. ఇంటికొచ్చి క్యానును కొట్టంలోకి విసిరేసి పడుకున్నాను. రెండు రోజులు ఒక్క గడి కూడా నిండలేదు. నా భార్య పక్కనే కూర్చుంది. ఆమె మళ్లీ బయటికి పోవడం మానేసిందని మాత్రం గమనించాను.

మూడో రోజు నాలుగున్నరకు కళ్లు తెరుచుకున్నాయి. ఎందుకు లేచానో నిజంగా తెలియదు. కోపంతోనే కావచ్చు, ముసలామెతో పోట్లాడాలని కావచ్చు. స్నానం చేసి, సొట్ట పడ్డ క్యానును తీసుకుని, ఏ దుకాణానికీ పోకుండా ఖాళీగానే బయలుదేరాను. ఖాలా గుమ్మంలో ఉంది, తలుపు చెక్క పట్టుకుని, చేతిలో గిన్నెతో. నన్ను నోరు తెరవనివ్వలేదు.

"రెండు దినాలు నిలబడ్డ ఈడ. నువ్వు రావని నాకైతె తెలుసు, ఈ మోకాళ్లకు ఎట్ల తెలుస్తది? పొద్దుగాల్నే లేస్తున్నయి, నీ కోసం. మంచం దిగని నన్ను దించినవ్, ఇప్పుడు నువ్వు అలిగి పండుకుంటవా?"

పోట్లాట సంగతి మరిచిపోయాను. ఎవరు ఎవరి ముందు ఏం నిలబెట్టారో, ఎవరి నొప్పి ఎవరు పిండుతున్నారో నాకేమీ అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. ఆమె చేతిలోని గిన్నె తీసుకుని, ఆమె మెట్టు మీద కూర్చునేదాకా చేయి పట్టుకున్నాను.

"రేపు వస్తవా?" అని అడిగింది.

"వస్త ఖాలా" అన్నాను. మొదటిసారి ఇదే గుమ్మంలో రేపు అన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు. ఈసారి ఏమిటో తెలియదు, తెల్లారితే గాని తెలియదు.