వెనక గేటు పాట

పాత పాట వింటే మనసు హాయిగా ఉంటుందనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ పాత పాట? ఎవరి మనసు? మా గురప్పకీ ఒక పాట ఉంది. తొంభై నాలుగులో బెంగళూరు మెజెస్టిక్ థియేటర్లలో వంద రోజులాడిన తెలుగు సినిమాలోది. మొదట ఈల, తర్వాత డప్పులు, ఆపైన హీరో గొంతు. ఆ ఈల చెవిన పడితే గురప్ప చేతిలో ఏముందో కూడా మరిచిపోతాడు. ఒకసారి కాఫీ గ్లాసు వదిలేస్తే కాలు బొబ్బలెక్కింది.

గురప్పది యలహంక పాత ఊళ్ళో మైక్‌సెట్ అంగడి. పెళ్ళిళ్ళకీ, వినాయకుడి పందిళ్ళకీ హారన్లూ బాక్సులూ అద్దెకిస్తాడు. వాడి పెళ్ళాం కెంపమ్మ కూడా నిచ్చెనెక్కి స్తంభాలకి వైర్లు కడుతుంది. ఎవరు ఏ పాట అడిగినా వేస్తాడు, ఆ ఒక్కటి తప్ప. "ఆ క్యాసెట్టు లేదప్పా" అంటాడు. ఎందుకు లేదు? వాడి క్యాసెట్ల పెట్టె అడుగునే ఉంది. నాకు తెలుసు. నేనూ వాడూ ఒకే మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పద్నాలుగేళ్ళు పనిచేసినవాళ్ళం.

మిల్లు పేరు చెప్పను. ఆ పేరు నోట్లోకి వస్తే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. ఆరువందల మందిమి ఉండేవాళ్ళం. మగ్గాల హోరులో పనిచేసి చేసి అందరికీ సగం చెవుడు. లోపల మాట వినపడదు కాబట్టి ఒకరి పెదవులు ఒకరం చూసి మాట పట్టుకునేవాళ్ళం. ఇంటికొచ్చినా అరుస్తూనే మాట్లాడేవాళ్ళం. మా ఇళ్ళలో రేడియో పెడితే వీధి మొత్తం వినాల్సిందే.

ఆ తొంభై నాలుగులోనే నష్టాలని చెప్పి మిల్లు గేటుకి తాళం వేశారు. మా యూనియన్ లీడరు జయరామప్ప ముందు గేటు దగ్గర టెంటు వేయించాడు. మంచి మాటకారి. "మిషన్లు లోపల ఉండేంతవరకు మన బతుకు మన చేతిలో ఉండాది. అవి గేటు దాటినాయంటే మన పని అయిపోయినట్టే" అని చెప్పింది ఆయనే. అందుకని వెనక గేటు దగ్గర రేయింబవళ్ళు పదేసి మందిమి వంతులవారీగా కాపలా కాశాం. వానలో తడిసి, పస్తులుండి, నూట పన్నెండు రోజులు. గురప్పకి టేపుల పని బాగా తెలుసు కనుక టెంటులో మైక్‌సెట్ వాడికి అప్పగించాం.

నూట పదమూడో రోజు పొద్దున పదింటికి జయరామప్ప నవ్వుతూ వచ్చాడు.

"గెలిచినామప్పా! మాటలు కుదిరినాయి. సోమవారం గేటు తెరుస్తారు. సొన్నప్పా, పోయి వెనకాల కాపలా ఉండేవాళ్ళను గూడా పిల్చుకోని రా. అందరూ ఈడనే ఉండల్ల" అన్నాడు నాతో.

పోయి పిలుచుకొచ్చాను. ఈ నోటితోనే పిలిచాను.

అప్పుడు ఆయన జేబులోంచి క్యాసెట్ తీసి గురప్పకిచ్చాడు. "ఫుల్లు పెట్టు. నేను చెయ్యి ఎత్తేంతవరకు ఆపద్దు." ఈల మొదలైంది. నాలుగు నెలలుగా ఏడుపు మొహాలతో కూర్చున్నవాళ్ళం ఒక్కసారిగా లేచాం. గంతులేశాం, తువ్వాళ్ళు తిప్పాం, ఒకరినొకరం భుజాల మీదికి ఎత్తుకున్నాం. పాట అయిపోగానే మళ్ళీ అదే పాట. మళ్ళీ అదే. క్యాసెట్టు తిప్పి పెట్టినా అదే. మనకిష్టమైన పాటని ఎంత ప్రేమగా ఎక్కించుకొచ్చాడో లీడరు అని మురిసిపోయాం. రికార్డింగు సెంటర్లో కూర్చుని ఒకే పాటను రెండు వైపులా ముందుగానే ఎందుకు ఎక్కించాడని ఆరువందల బుర్రల్లో ఒక్కదానికైనా తట్టలేదు. థూ, మా బతుకులు!

గురప్ప కాపురం మిల్లు వెనకున్న లైనిళ్ళలో. కెంపమ్మ అక్కణ్ణుంచి ప్రహరీ చుట్టూ పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు, జుట్టుముడి ఊడిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఏదో అరిచింది. నాకు పాట తప్ప ఏమీ వినపడలేదు, ఆ గంతుల్లో ఆమె పెదవులూ చూడలేదు. నవ్వుతూ "రామ్మా, నువ్వూ ఎగురు" అన్నాను. ఆమె నన్ను తోసేసి గురప్ప దగ్గరికి పోయింది. పెదవులు చూసి మాట పట్టే గురప్ప ఆ రోజు ఆమె మొహమే చూడలేదు. జయరామప్ప చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని అటే చూస్తున్నాడు. సంగటి తినడానికి పిలుస్తోందనుకుని పొమ్మని సైగ చేశాడు. ఆమె వైరు పట్టుకుని లాగబోయింది. గెలిచిన రోజున పాట ఆపుతావా అని గురప్ప అందరి ముందూ ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె ఇంకేమీ అరవకుండా వెళ్ళిపోయింది.

ఒంటిగంటకి జయరామప్ప చెయ్యెత్తాడు. పాట ఆగాక వెళ్ళి చూస్తే వెనక గేటు బార్లా తెరిచి ఉంది. మట్టి నిండా లారీ టైర్ల గుర్తులు. మగ్గాలు ముందే విప్పి పెట్టుకున్నట్టున్నారు. నా మగ్గం ఉన్నచోట నాలుగు బోల్టులు మిగిలాయి.

జయరామప్ప ఏమన్నాడో తెలుసా? "ఒకరిద్దర్ని పిలవమంటే కాపలా అంతా పిల్చుకొస్తివే సొన్నప్పా! ఎంత పని చేసినావప్పా!" అని తల పట్టుకున్నాడు. నాకు సగం చెవుడు కదా, నిజంగానే సరిగ్గా వినలేదేమో అని నేనే అనుమానపడ్డాను. పిలిచింది నేను, పాట వేసింది గురప్ప, ఎగిరింది అందరూ. ఆ సిగ్గుతో ఒక్కడూ నోరెత్తలేదు. మిల్లు మీద వేసిన కేసు నడిచినన్నాళ్ళు నడిచి చచ్చింది.

జయరామప్ప రెండంతస్తుల ఇల్లు కట్టాడు, నగరసభ మెంబరయ్యాడు. మిల్లు జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. అక్కడ నేను సెక్యూరిటీని. ఏ గేటుకో తెలుసా? వెనక గేటుకి. నవ్వుకోండి.

ఆ చెంపదెబ్బ సంగతి కెంపమ్మ మళ్ళీ ఎత్తలేదు. ఏం చెప్పడానికి వచ్చావని గురప్ప ఎన్నిసార్లు అడిగినా ఆ మాట మాత్రం చెప్పలేదట. "తిట్టినా బాగుండు సొన్నప్పా" అన్నాడు ఒకసారి నాతో. "‘అప్పుడు నువ్వు వినలేదు గదా, ఇంక చెప్పేదానికి ఏముండాది’ అంటాది. అదే కడుపులో కాలతా ఉండాది. ఆ పొద్దు ఆమె చెప్పింది ఒక్కసారి నా చెవుల్లో పడల్ల. అంతే నాకు కావల్సింది."

రెండువేల అయిదులో వినాయకుడి పండుగ వచ్చింది. పందిట్లో మధ్యాహ్నం అన్నదానం, ముఖ్య అతిథి జయరామప్ప. ఆయన మనుషులు గురప్ప దగ్గరికొచ్చి, అన్న కారు దిగేటప్పుడు ఫలానా పాట వెయ్యాలన్నారు. అదే పాట! వేయకపోతే రేపటి నుంచి ఊళ్ళో మైకు కట్టనివ్వమని కూడా అన్నారు. గురప్ప తలూపి, పెట్టె అడుగు నుంచి ఆ క్యాసెట్టు తీశాడు.

"సిగ్గు లేదా రా నీకు?" అన్నాను.

"నువ్వు సుమ్నే నోరు మూసుకోనుండు సొన్నప్పా" అన్నాడు.

ఈల మొదలైంది. నిచ్చెన మీద వైరు కడుతున్న కెంపమ్మ చేతులు ఆగిపోయాయి. మెల్లగా కిందికి దిగింది. జయరామప్ప కారు దిగి, దండలు వేయించుకుని, స్టేజీ ఎక్కి మైకు పట్టుకున్నాడు.

"ఈ పాట వింటే నాకు మన పోరాటం గుర్తుకొస్తాది. కండ్లలో నీళ్ళు తిరగతాయి. మిల్లు పోతే పోయింది గానీ, ఆ దినాలు మళ్ళా రావప్పా!" అని రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా మిల్లువాళ్ళు కూడా కొందరు కొట్టారు. ఛీ!

గురప్ప పాటని ఫుల్లుకి తిప్పాడు. జయరామప్ప నోరు ఆడుతోంది, మాట బయటికి రావడం లేదు. ఆపమని చెయ్యెత్తాడు. గురప్ప ఆ చేతి వైపు చూడలేదు. కెంపమ్మ మొహం చూస్తున్నాడు. అట్లా చూస్తూనే పాట ఆపేశాడు, స్టేజీ మైకు కూడా ఆపేశాడు, తన దగ్గరున్న ఇంకో మైకు తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఆ పొద్దు పరిగెత్తుకోని వచ్చి చెప్పినావే, అది చెప్పు."

"ఇంతమంది ముందరనా?"

"ఇంతమంది ముందర గదా నిన్ను కొట్టింది."

కెంపమ్మ వాడి మొహంలోకి చూసింది. ఆ చూపులో పదకొండేళ్ళ కోపం ఉంది. తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకుని అరిచింది.

"ఏమయ్యో! వెనక గేటులో మిషన్లు పోతా ఉండాయి! ఆరు లారీలు పెట్టినారు! మీ జయరామప్ప తమ్ముడే గేటు తీసి పట్టుకోనుండాడు! పాట ఆపి బిర్న రండయ్యో!"

అన్ని హారన్లలోంచీ ఆ మాట ఊరి మీద పడింది. విస్తళ్ళ ముందు కూర్చున్న మా మిల్లు ముసలాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎంగిలి చేతులతోనే స్టేజీ వైపు తిరిగారు.

"వినపడిందా?" అంది కెంపమ్మ, మైకులోనే.

"వినపడింది" అన్నాడు గురప్ప.

జయరామప్ప మనిషి ఒకడు వైరు లాగడానికి ఉరికొచ్చాడు. నేను అడ్డం వెళ్ళి వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. ఆమె ఇంకా చెప్తా ఉండాది" అన్నాను.