కాటమయ్య చెప్పిన ఫోన్ నంబరు

గొర్రెను కొనడంలో కాటమయ్యను మోసం చేసినవాడు పులివెందుల చుట్టుపక్కల ఎవడూ లేడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, నడుం మీద వేళ్ళతో అదిమి కండ ఎంతుందో చెబుతాడు, నాలుగడుగులు నడిపించి కాలి జబ్బు కనిపెడతాడు. అలాంటి మనిషి యాభయ్యో ఏట నాలుగు పొట్టేళ్ళను అమ్ముకుని, కూతుర్ని వెంటబెట్టుకుని, ల్యాప్‌టాప్ కొనడానికి ప్రొద్దుటూరు బయలుదేరాడు. దానికి పళ్ళుండవని కూతురు అంకాలమ్మ బస్సులోనే చెప్పింది.

కారణం లేకుండా పోలేదు. అంకాలమ్మకు ఇంజనీరింగు ర్యాంకు మంచిదే వచ్చింది. ఏ కాలేజీ కావాలో కంప్యూటర్లో ఎంచుకోవాలి. పులివెందులలో నెట్ సెంటర్లు వీధికి రెండున్నాయి, ఇరవై రూపాయలిస్తే వాళ్ళే ఎంచి పెడతారు. కానీ ఆ బల్లల ముందు కూర్చునేవాళ్ళలో ఒకడు ఈ పార్టీవాడి మేనల్లుడు, ఇంకొకడు ఆ పార్టీవాడి అల్లుడు. పిల్ల నాలుగేళ్ళు ఏ ఊళ్ళో ఉండబోతుందో, ఏ హాస్టల్లో ఉండబోతుందో, వీళ్ళు ఇంటికి చేరేలోపే ఊరంతా చేరుతుంది. ఊరికి తెలిస్తే పగవాళ్ళకు తెలిసినట్టే.

గొర్రెలు కాసుకునేవాళ్ళకు పార్టీలేమిటని పట్నంవాళ్ళు అంటారు. వాళ్ళకేం తెలుసు. ఎవరి బీట్లో మేపితే వాళ్ళ పార్టీ, అంతే. మేత కోసం బీడు మారినందుకు కాటమయ్య వాళ్ళన్న పార్టీ మారినట్టు లెక్కయింది. ఊరొదిలి జమ్మలమడుగులో నాలుగు నెలలు తల దాచుకున్నాడు. ఒకరోజు టీ కొట్టులో ఎవరో మాట కలిపి "ఏ వూరప్పా, పేరేంది?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడట. మూడో రోజు శవం దొరికింది. అంకాలమ్మకు అప్పుడు రెండేళ్ళు.

ఆ తర్వాత పదహారేళ్ళుగా కాటమయ్య పొరుగూళ్ళో తన పేరు చెప్పింది లేదు, ఇంట్లో అన్న పేరు ఎత్తింది లేదు. సంతలో ఒక పేరు, ఆసుపత్రిలో ఒక పేరు. ఫోను వచ్చాక నంబరు కూడా అంతే, చివరి రెండంకెలూ తిరగేసి చెబుతాడు. నాయన బయట ఏం చెప్పినా పక్కనున్నవాళ్ళు నోరెత్తకూడదని కూతురికీ నేర్పాడు. పిల్లకు అక్షరాలకన్నా ముందు వచ్చిన చదువు అది.

ప్రొద్దుటూరు గాంధీ రోడ్డు సందులో కమాల్ బాషా అంగడి. మనిషి నిజాయితీపరుడు. కాటమయ్య తలకు చుట్టిన రుమాలు చూసి, పిల్ల చేతిలోని కాగితాలు చూసి, అసలు సంగతి పట్టేశాడు.

"కొత్తది ముప్పై వేలు మామా. దాంతో నీకేం పని? పాప మెయిల్ చూసుకోవాల, రేపు కాలేజీలో నాలుగు ముక్కలు టైపు చేసుకోవాల, అంతే గదా. ఆఫీసులో వాడి తీసేసినవి ఉండాయి. పన్నెండు వేలకిస్తా."

మూడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి వెండిరంగులో తళతళలాడుతోంది. కాటమయ్య దాని మూత తీసి వేశాడు, తీసి వేశాడు, ఏడోసారికి కీలు కిర్రుమంది. "దీనికి నడుం ల్యాదు" అని పక్కకు నెట్టాడు. రెండోదాని మీటలు ఒక్కొక్కటే నొక్కి, లోపలికి దిగి పైకి రాని మీట ఒకటి పట్టుకున్నాడు. మూడోది నల్లది, మొద్దుగా ఉంది, అంచులు అరిగాయి. కానీ కీలు గట్టిగా ఉంది, మీటలన్నీ లేస్తున్నాయి. ర్యామ్ ఎంతని అంకాలమ్మ అడిగింది. నాలుగు జీబీ, నీకు చాలు, హార్డ్ డిస్కు మొన్ననే మార్చినా, బ్యాటరీ మాత్రం గంటన్నర కంటే నిలవదు అన్నాడు బాషా. ఉన్న లోపం ముందే చెప్పే బేరగాడిని కాటమయ్య అంతవరకు చూడలేదు. పదకొండున్నర వేలకు తెగింది, నెట్ డాంగిల్ వేరే.

బాషా వాళ్ళ ముందే అన్నీ ఎక్కించాడు. తెలుగు టైపు చేసుకునేది పెట్టాడు, వైరస్ పట్టకుండా ఒకటి వేశాడు. అంకాలమ్మ పేరున మెయిల్ తెరిచి, ఆ మెయిల్‌తోనే కౌన్సెలింగుకు నమోదు చేయించాడు. కాలేజీలు ఎంచుకునే రోజుల్లో దాని పాస్‌వర్డ్ ఈ మెయిల్‌కే వస్తుందని చెప్పాడు.

"నీ ఫోన్ నంబరు చెప్పు మామా. రేపు యాడన్నా తాళం పడితే ఈ నంబరుతోనే తెరవాల. బిల్లు మీద పేరు కూడా చెప్పు."

"యల్లయ్య. ఖాజీపేట" అన్నాడు కాటమయ్య. నంబరు చెప్పాడు. చివర అరవై మూడు ఉండాల్సింది ముప్పై ఆరు అన్నాడు. ఆలోచించి అన్నది కాదు, నోరే అంది.

అంకాలమ్మ తల ఎత్తింది. తండ్రి ముఖం చూసింది. మళ్ళీ దించుకుంది. ఇంటికి పోయి మార్చుకోవచ్చులే అనుకుంది.

కాలేజీలు ఎంచుకోవడానికి ఆమె ర్యాంకువాళ్ళకు రెండు రోజులిచ్చారు. కొని తెచ్చినప్పట్నుంచి ఊళ్ళో కరెంటు లేదు, మొదటి రోజు మధ్యాహ్నానికి గాని రాలేదు. మిద్దె మీద డాంగిల్‌కు సిగ్నలు దొరికే మూల చూసుకుని తెరిస్తే, మెయిల్ తెరుచుకోలేదు. కొత్త చోటు నుంచి చూస్తున్నారు, మీరో కాదో తేల్చుకోవాలి, ముప్పై ఆరుతో ముగిసే నంబరుకు ఆరంకెలు పంపాం, అవి కొట్టండి అని తెర అడుగుతోంది.

"నాయనా, అది నువ్వు చెప్పిన దొంగ నంబరు" అంది అంకాలమ్మ. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది కాటమయ్యకు.

బిల్లు మీద నంబరు చూసి బాషాకు ఫోన్ చేశారు. "అట్ల చేస్తివేంది మామా" అన్నాడు ఆ మనిషి. "ఆ నంబరు ఎవురిదో వాళ్ళకు చేసి అంకెలు అడుగు. ల్యాకుంటే మిషను ఈడికే తీసుకొని రా. మొన్న తెరిచిన చోటే గాబట్టి మా నెట్టు మీద తెరుచుకుంటాదేమో చూస్తాం."

ముక్కూ మొహం తెలియనివాడికి ఫోన్ చేసి, నేను ఫలానా, నా కూతురు ఫలానా అని చెప్పడమా? కొరివితో తల గోక్కోవడమే అది. కాటమయ్య బస్సుకే మొగ్గాడు.

మరుసటి రోజు పొద్దున్నే బయలుదేరారు. సాయంత్రం అయిదుకు గడువు. జమ్మలమడుగులో దిగి ప్రొద్దుటూరు బస్సు ఎక్కాలి. దిగేసరికి పదకొండు. ఎన్నికలు అయి మూడు నెలలైనా కడుపుమంటలు చల్లారలేదు, ఎవరో ఎవరి జెండా దిమ్మెనో పగలగొట్టారట, ప్రొద్దుటూరు రోడ్డు మీద రాళ్ళు పడుతున్నాయి. బస్సులు ఆపేశారు. ఆటోవాడు ఎంతిచ్చినా రానన్నాడు. పన్నెండయింది, రెండయింది. అన్న చచ్చిన ఊళ్ళో, బస్టాండు సిమెంటు బల్ల మీద, ఒళ్ళో నల్ల పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు కాటమయ్య. వచ్చేపోయే ప్రతివాడూ తననే చూస్తున్నట్టుంది. మూడున్నరకు అంకాలమ్మ ఏడవడం మొదలుపెట్టింది. శబ్దం రాకుండా ఏడుస్తోంది. ఆ విద్యా తానే నేర్పాడు.

"ఫోన్ చెయ్యి నాయనా. నీ కాళ్ళు మొక్కుతా."

చేశాడు. నాలుగు మోతలకు ఒక పెద్దావిడ ఎత్తింది.

"అమ్మా, మీ ఫోనుకు ఆరంకెల మెసేజు వచ్చుంటాది. అది చెప్తే మా పాపకు..."

"నిన్నట్నుంచి వస్తానే ఉండాయి అట్లాటివి. అంకెలు చెప్తే దుడ్లు పోతాయంట. ఎవురు నువ్వు? ఏ వూరు?"

"యల్లయ్య. ఖాజీపేట." మళ్ళీ నోరే అంది.

"ఖాజీపేటలో ఏ వీధి? మా అక్కనిచ్చింది ఆడికే. ఎవురి యల్లయ్య?"

కాటమయ్యకు ఖాజీపేటలో బస్టాండు తప్ప ఏమీ తెలియదు. "బస్టాండు కాడ" అన్నాడు. "దొంగనాయాలా" అని ఆవిడ పెట్టేసింది.

నాలుగుంపావు. బ్యాటరీ అయిపోతుందని కూతురు పెట్టె మూసి గుండెకు హత్తుకుంది. కాటమయ్య లేచి నిలబడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చంపితే తనను చంపుతారు. కానీ ఈ పిల్లను ఈపొద్దు తానే చంపుతున్నాడు గదా, ఒక్క అబద్ధంతో. మళ్ళీ చేశాడు. ఆవిడ ఎత్తింది. బయట ఎవరో నినాదాలిస్తున్నారు, వినపడదేమోనని అరిచాడు.

"అమ్మా, పెట్టేయాకు. నేను చెప్పింది అబద్ధం. నా పేరు కాటమయ్య. పులివెందుల తట్టు, తుమ్మలపల్లె దోవలో మా వూరు. గొర్రెల ఓబులేసు కొడుకుని. ఈ జమ్మలమడుగులోనే మా యన్న రంగయ్యను సంపినారు, పదారేండ్లాయ. ఆ రంగయ్య తమ్మున్ని. పేరు చెప్తే నన్నూ సంపుతారని అంగట్లో నంబరు తప్పు చెప్పినా. అది నీ నంబరయింది. నా బిడ్డ సదువు నీ చేతిలో ఉండాదమ్మా. అయిదుకు అయిపోతాది."

చెరకు రసం బండివాడు చక్రం తిప్పడం ఆపాడు.

"నా పేరు ప్రేమమ్మ. మాది చెన్నూరు" అంది ఆవిడ ఫోనులో. "నిలబడు నాయనా, అద్దాలు తెచ్చుకుంటా."

అంకాలమ్మ పెట్టె తెరిచి, డాంగిల్ గుచ్చి, కొత్త అంకెలు పంపమని నొక్కింది. మెసేజు చేరడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ప్రేమమ్మ ఒక్కో అంకె రెండేసిసార్లు చదివింది. కాటమయ్య ఒక్కొక్కటీ కూతురికి అప్పజెప్పాడు. మెయిల్ తెరుచుకుంది. పాస్‌వర్డ్ దొరికింది. రాసి పెట్టుకున్న ఇరవై కాలేజీల్లో పదకొండే ఎక్కించగలిగింది పిల్ల. పంపించేసరికి అయిదుకు ఆరు నిమిషాలు. ఆ తర్వాత రెండు నిమిషాలకే తెర నల్లబడింది.

కాటమయ్యకు సంతోషం రాలేదు. బల్ల మీద కూలబడ్డాడు. ఇందాక తన ఊరి పేరు వినగానే అవతలి బల్ల మీదినుంచి ఇద్దరు తల తిప్పి చూశారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు లేడు. ఎటు పోయాడో, ఎవరికి చెప్పడానికి పోయాడో. ఇంటి దాకా ఎలా చేరడం? రేపు మందను ఏ బీటికి తోలడం? కూతురికీ జనానికీ అడ్డంగా జరిగి కూర్చుని, రుమాలుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

అంకాలమ్మ పెట్టెను సంచిలో సర్దింది. తండ్రి భుజం మీద చెయ్యి వేసి, ఎవరికీ వినపడకుండా చెవి దగ్గర అడిగింది.

"నాయనా, మా పెదనాయన పేరు రంగయ్యనా?"