రక్తపిశాచికి నేను పెట్టిన నోరు

ముందే చెప్పేస్తాను. మా క్వార్టర్స్‌లో ఆ ముసలమ్మని మొదట అనుమానించింది నేనే. తర్వాత అందరూ అనుమానించారు, నిజమే. కానీ వాళ్ల చేతికి ఆ అనుమానాన్ని అందించింది నేను. ఇప్పుడెవరైనా "పోనీలే, తెలియక చేశావు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. తెలుసుకోవడానికి నాకేం అడ్డొచ్చింది? ఆమె గది మా గుమ్మానికి ఎదురుగానే ఉంది.

మాది కలకత్తాలో రేవు పక్కన, వాట్‌గంజ్ దగ్గర మునిసిపల్ పనివాళ్ల క్వార్టర్స్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ చీపురు పట్టాడు. నాన్నదీ ఇప్పుడు అదే పని. నేను మాత్రం న్యూ టౌన్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. రానూ పోనూ బస్సులో మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఫోన్‌లో నవల రాసేదాన్ని. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకున్నాను కాబట్టి, ఇక్కడ నా ఈడు వాళ్లలో తెలుగు రాయడం, చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఆ పొగరు కూడా నాకు దండిగా ఉండేది.

నవల రక్తపిశాచిది. రేవులో ఓడ దిగి ఊళ్లో కలిసిపోతుంది. ఆ తర్వాత వరసగా శవాలు, ఒంట్లో చుక్క నెత్తురుండదు, మెడ మీద రెండు గాట్లు. దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టరమ్మ ఎవర్నీ నమ్మదు, చివరికి సొంత జీపు డ్రైవర్ని కూడా. కథ బాగానే నడుస్తోంది కానీ పిశాచికి మొహం కుదరడం లేదు. కోరలు అందరూ పెడతారు. నాకు కోరలు వద్దు, ఇంకేదో కావాలి.

అప్పుడు ఎదురింటి మామ్మ మీద కన్ను పడింది. మాకు చుట్టం కాదు, క్వార్టర్స్ అంతా ఆమెని మామ్మ అనే పిలుస్తాం. ముప్పై ఏళ్లు రోడ్లు ఊడ్చింది. మొగుడు పోయాడు, తర్వాత కొడుకూ పోయాడు. గది మునిసిపాలిటీ ఆమె కొడుకు పేరు మీద ఇచ్చింది. ఎవరూ ఏమీ అనడం లేదు కాబట్టి ఉంటోంది. ఒక్కరు ఫిర్యాదు రాసినా ఆ గది పోతుంది, ఆమెకి ఈ ఊళ్లో మరో నీడ లేదు. ఈ సంగతి మా అందరికీ తెలుసు.

మామ్మ అడ్డచుట్ట తాగేది. అంటే చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. మా వైపు పాతకాలం ఆడవాళ్లకి అది మామూలే. పొలం గాలికి నిప్పు ఆరదు, చేతిలో పని ఆగదు. కలకత్తాలో పుట్టిన పిల్లలకి మాత్రం అదో వింత. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఆమె నోరు తెరిస్తే లోపల ఎర్రగా నిప్పు కనబడేది. ఆ నోరు తీసి నా పిశాచికి పెట్టేశాను. ఆమెని ఒక్క మాట అడగలేదు.

ఆదివారం పొద్దున్న ఆడవాళ్లూ ఆడపిల్లలూ మేడ మీద బట్టలారేసుకుంటూ చేరేవారు. పిల్లలకి తెలుగు చదవడం రాదు కాబట్టి నేను రాసింది పైకి చదివేదాన్ని. పిశాచి చీకట్లో నోరు తెరిచి నిప్పు చూపించే చోటు రాగానే ఒకమ్మాయి బట్టల బకెట్టు కింద పడేసి, "ఓలమ్మో! ఇది మన మామ్మే కదేటి!" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, అంత బాగా కుదిరినందుకు.

ఇంటికొచ్చాక అమ్మ తిట్టింది.

"బతికున్న మనిసిని తీసికెల్లి కతలో పెట్టీసినావేటే?"

"కథమ్మా అది. కథకీ మనిషికీ తేడా తెలీదా?"

"నాకు తెల్సు. ఆళ్లకి తెల్దు."

అమ్మకి చదువు రాదు, ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

ఆ తర్వాతి గురువారం పొద్దున్నే మా నీళ్ల పంపు నడిపే బెంగాలీ దాదా పంపుగది వెనక నడుమెత్తు ఇనప గేటు పక్కన చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద రెండు గాట్లు. పోలీసులు వచ్చారు, ఫొటోలు తీశారు, ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. మా మేడ మీద పిల్లల్లో ఎవరో నా నవల సంగతి చెప్పినట్టున్నారు. ఒక కుర్ర ఆఫీసరు నన్ను పిలిచి, "దీదీ, మీరు మెడ కొరికే భూతం కథ రాస్తారట కదా?" అన్నాడు హిందీలో, నవ్వుతూ. నవ్వుతూనే, ఆ పొద్దున్న నేనెక్కడున్నానని కూడా అడిగాడు.

పేజీలకి పేజీలు పోలీసు దర్యాప్తు రాసినదాన్ని, నిజం పోలీసు ఒక్క ప్రశ్న వేసేసరికి చెమటలు పట్టాయి. నిద్రపోతున్నానని చెప్పి ఊరుకుంటే పోయేది. ఊరుకున్నానా? "అంత పొద్దున్నే అటు తిరిగేది ఎదురింటి మామ్మ ఒక్కర్తే" అన్నాను. అతను రాసుకున్నాడు. వెళ్లి మామ్మని అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపిందే తప్ప నోరు తెరవలేదు. గుమ్మంలోంచి చూస్తున్న నాకు అదే పెద్ద సాక్ష్యమనిపించింది.

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. నా ఇన్‌స్పెక్టరమ్మ చేసినట్టే ఫోన్‌లో తేదీలు వేసి రాసుకోవడం మొదలుపెట్టాను. మామ్మ చుట్ట మానేసింది. ఎందుకు? అమ్మ ఎండుచేపల కూర పంపిస్తే గిన్నె అలాగే తిప్పి పంపింది. గంజి తప్ప ఏమీ తినడం లేదు, మరి ఏం తిని బతుకుతోంది? ఎవరితోనూ మాట్లాడదు. ఎప్పుడూ కొంగు నోటికే. తెల్లవారే వేళ, పనివాళ్లు హాజరు వేయించుకోవడానికి వెళ్లిపోయాక, చెంబుతో వెనక కాలువ దగ్గరికి వెళ్తుంది. ఒక రోజు కిటికీలోంచి చూశాను. అటూ ఇటూ చూసి ఉమ్మింది. ఎర్రగా. నీళ్లు పోసి కాలువ గట్టు శుభ్రంగా కడిగింది. రెండ్రోజుల తర్వాత మళ్లీ అంతే. తేదీ, టైము, అన్నీ రాసుకున్నాను. అది రక్తమే, కిళ్లీ కాదు, మామ్మ కిళ్లీ వేసుకోదు.

చూసింది కడుపులో దాచుకున్నానా అంటే అదీ లేదు. మేడ మీద చెప్పాను. ఆడవాళ్ల మొహాలు మాడిపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దావిడ మెల్లగా "సిల్లంగి" అంది. మా ఊళ్లలో చేతబడి చేసే మనిషిని చిల్లంగి అంటారు. ఆ మాట ఒకసారి పడిందంటే ఇక ఆ మనిషిని మనిషిగా చూడరు. కుళాయి దగ్గర మామ్మ వస్తే బిందెలు పక్కకి జరిగాయి. తల్లులు పిల్లల్ని ఆ వరండాలోంచి నడవనివ్వడం మానేశారు.

కొన్నాళ్లకి పోస్టుమార్టం సంగతి తెలిసింది. దాదాకి గుండె ఆగిపోయింది. పడుతూ పడుతూ గేటు మీది ఇనప మొనలకి మెడ తగిలింది. అంతే. హత్యా లేదు, ఏమీ లేదు. పోలీసులు రావడం మానేశారు. మా వాళ్లు మాత్రం మానలేదు. "గుండె ఊరికే ఆగిపోద్దేటి? ఎవులో ఆపీసినారు" అన్నారు. వచ్చే ఆదివారం అందరూ కూర్చుని మామ్మ గది మీద ఫిర్యాదు రాయాలని అనుకున్నారు. రాయడానికి ఎవర్ని పిలిచారంటారా? నన్నే.

సరే అన్నాను. కానీ ఆదివారం ముందు రోజు పొద్దున్న నేను కాలువ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. జాలితో కాదు, గొప్పలకి పోయి అబద్ధం చెప్పను. ఫిర్యాదులో రాయడానికి గట్టి రుజువు కావాలి, దగ్గరగా చూడాలి అనుకున్నాను. మామ్మ వచ్చింది, ఉమ్మింది. నేను గబుక్కున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరి రక్తం మామ్మా ఇది?"

ఆమె నా మొహంలోకి చూసింది. చెయ్యి విడిపించుకోలేదు. కొంగు తీసి నోరు తెరిచింది. ఫోన్ లైటు వేశాను. పైన అంగిట్లో రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ తెల్లగా, మధ్యలో గుంట. అందులోంచి నెత్తురు కారుతోంది. ఆ నోటిని నవలలో పన్నెండు భాగాల పాటు వర్ణించినదాన్ని, అందులోకి ఒక్కసారైనా చూడలేదు. చుట్ట మానడం, గంజి, తిరిగొచ్చిన చేపల కూర, మూసుకున్న నోరు, అన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఇవే వస్తే మర్నాడే డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఛీ, ఏం మనిషిని నేను!

అమ్మా నేనూ ఆమెని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ చూసి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. "రక్తం ఎప్పట్నుంచి?" అని అడిగింది. మామ్మకి తేదీలు తెలీవు. నాకు తెలుసు. ఫోన్ తీసి చూపించి, ఒక్కొక్కటీ చదివి చెప్పాను. ఏడు వారాలు. డాక్టరమ్మ నావైపు ఒకసారి చూసి, "ఇంత జాగ్రత్తగా రాసుకుని ఇప్పుడా తీసుకురావడం?" అంది. అమ్మ తల దించుకుంది.

పుండు క్యాన్సరని, అన్నేళ్ల అడ్డచుట్ట చేసిన పనని తేలింది. అంగిలి తీసేయాలన్నారు. ఫిర్యాదు సంగతి మా అమ్మ చూసుకుంది. పరీక్ష ఫలితం రాకముందే, నేను మామ్మ దగ్గర కూర్చున్న ఆ ఆదివారం, అందరి మధ్యా నిలబడి, "ఆసుపత్రి కాయితం ఇదిగో, ఎవులికి సదువొస్తే ఆళ్లు సదువుకోండి" అని అరిచిందట. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారట. గది నిలబడింది.

ఆపరేషన్ ముందు రోజు మామ్మా నేనూ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాం. నాకు లోపల్నించి తన్నుకొస్తున్న కోపం ఆమె మీదే చూపించాను. "ఎందుకు దాచావు మామ్మా? ఒక్క మాట చెప్తే పోయేది కదా!"

ఆమె నెమ్మదిగా చెప్పింది.

"మా పెద్దమ్మకి దగ్గితే నోట్లోంచి రగతం పడీది. సిల్లంగని సెప్పి రాటకి కట్టీసి పళ్లు పీకీసినారు. నాను అప్పుడు సిన్న గుంటని, కళ్లారా సూసినాను. నోట్లో రగతం అవుపడితే జనం ఏటంతారో నాకు తెల్దా?"

"మా అమ్మకైనా చెప్పాల్సింది కదా."

"సెప్దామనే మేడెక్కినాను ఒక ఆదివారం. మీ అమ్మ అక్కడే ఉంది. నువ్వు సదవతన్నావు. నా నోరే సదవతన్నావు. అందరూ నవ్వతన్నారు. దిగిపోనాను."

ఆమె మొహంలో కోపం లేదు. నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. నేను ఏడ్చాను, నలుగురూ చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను.

మామ్మ బతికింది. మా ఎదురుగదిలోనే ఉంది. కానీ అంగిలి లేని నోట్లోంచి వచ్చే మాట గాలిలో కలిసిపోతుంది, ఎవరికీ అర్థం కాదు. రోజూ ఆఫీసు నుంచి రాగానే వెళ్లి పక్కన కూర్చుంటాను. ఆమె ఏదో చెబుతుంది, నేను ఊహించి అడుగుతాను, ఆమె కాదన్నట్టు తల ఊపుతుంది. ఆ రోజు బెంచీ మీద చెప్పినవే ఆమె నోటి నుంచి నేను స్పష్టంగా విన్న ఆఖరి మాటలు.