ఇరవై మీటర్లు తక్కువైన జెట్టీ

మే నెలాఖరున, పొద్దున ఆరున్నరకు ఆ దీవిలో దిగాను. దిగడమంటే మన బోధన్ బస్టాండులో దిగినట్టు కాదు. నికోబార్‌లోని ఆ చిన్న దీవికి జెట్టీ లేదు. ఓడ దూరంగా లంగరు వేసింది. తాడు నిచ్చెన మీదుగా పడవలోకి, పడవలోంచి నడుము లోతు నీళ్లలోకి. ముప్పై కిలోల సామాను నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు నడిచాను.

మేం సైన్యంలోని ఇంజనీర్ల దళం నుంచి పన్నెండుమందిమి. ఆర్డరు ఒక్కటే: పడవ వచ్చి ఆనుకునే లోతు దాకా జెట్టీ కట్టాలి.

జూన్ రెండో వారానికి సముద్రం పోటెత్తింది. పదిహేను రోజులకోసారి రావాల్సిన ఓడ నెలన్నరైనా రాలేదు. సిమెంటు అయిపోయింది. జెట్టీ ఇరవై మీటర్లు తక్కువగా ఆగిపోయింది. బూట్లకు బూజు పట్టింది. దీవి చుట్టూ నడిస్తే మూడు గంటలు. రోజూ నడిచేవాణ్ని. రోజూ బయలుదేరిన చోటికే వచ్చేవాణ్ని. తర్వాత మానేశాను.

మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది మా జిల్లాలోని వేల్పూరే. పసుపు రైతుల ఇల్లు.

"అన్నా, గీడ ఊపిరాడ్తలేదే," అనేవాడు. "మా చేన్ల నిలవడితె సడక్ కనవడ్తది. గీడ యాడ సూసినా నీళ్లే."

జులై చివర్లో, పొద్దున రూత్ అనే ఆమెకు నొప్పులొచ్చాయి. మా దగ్గర రాళ్లు మోసే శామ్యూల్ భార్య. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆపరేషన్ కావాలని దీవిలో ఉన్న ఒక్క నర్సు చెప్పింది. అదృష్టం కొద్దీ ఆ మధ్యాహ్నమే ఓడ కనిపించింది. గంట ఆగుతానన్నాడు కెప్టెన్.

ఒంటిగంటా పదికి స్ట్రెచర్‌ను జెట్టీ చివరికి మోసుకెళ్లాం. అక్కడ లోతు చాలదు. అలలు విరిగిపడుతున్నాయి. పడవ మూడుసార్లు దగ్గరికొచ్చి మూడుసార్లూ వెనక్కిపోయింది. మా హవల్దార్ "నీళ్లలోకి దిగండి" అన్నాడు. నలుగురం దిగాం. మెడ లోతులో కాళ్లు తేలిపోయాయి. స్ట్రెచర్ ఒరిగింది. రూత్ నా మణికట్టు పట్టుకుంది. వెనక్కి తిరిగాం.

రెండూ ఇరవైకి ఓడ కదిలింది.

"మల్ల పిలువు," అన్నాను ఆపరేటర్‌తో.

"పిలిసిన అన్నా. గాలి ఎక్కువైంది, ఇంక ఆగితె ఓడకే ముప్పంటుండు."

అయిదు కాకముందే రూత్ పోయింది. నర్సు చేత్తో తిప్పి బయటికి తీసిన ఆడపిల్ల బతికింది.

ఆ తర్వాత మాకు పని చేయమని ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. సెప్టెంబరులో సిమెంటు వచ్చింది. డిసెంబరులో ఇరవై మీటర్లూ పూర్తయ్యాయి. మొదటి పడవ వచ్చి ఆనుకున్న రోజు శామ్యూల్ పాపను ఎత్తుకొచ్చాడు. నేను చెయ్యందిస్తే పట్టుకోలేదు. తనే పడవలోకి దిగి కూర్చున్నాడు.

"ఎక్కడికి?" అని హిందీలో అడిగాను.

"ఎక్కడికీ కాదు," అన్నాడు.

కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచాడు.

ఇప్పుడు బోధన్‌లోనే ఉంటున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు, "గా దీవిల ఎట్లుండె అన్నా?" అని. "జెట్టీ కట్టినం," అంటాను. వాళ్లకు అంతవరకే చెప్పగలను. పాపను గుండెకు ఆనించుకుని, పడవలోంచి జెట్టీ మీదికి శామ్యూల్ వేసిన ఆ ఒక్క అడుగు, తడవని అతని పాదం, అది మాత్రం నా కళ్లలోంచి పోదు.