చిన్నాయన విశాఖపట్నం చూపించిన చలికాలం

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు పెనుకొండ దగ్గర బస్సులో ఉండగా తెలిసింది. ధర్మవరంలో వాళ్ళ పక్కింటాయన ఫోన్ చేశాడు. నేను నమ్మలేదు. ఫోన్లో వచ్చిన మాటను ఇంకో మనిషిని అడిగిగానీ నమ్మకూడదని నాకు నేర్పింది చిన్నాయనే. అందుకని చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"నిజమేరా నాయనా," అంది. "నేనూ నమ్మలేదు. ముక్కు కాడ ఏలు పెట్టి చూసినా. కాఫీ తాగి, ఈ పొద్దు పాలల్లో నీళ్ళు దండిగా కలిపినారే అన్యాడు. కూర్చున్న కాడనే ఒరిగిపోయినాడు."

ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చింది. పక్క సీటాయన నన్ను అనుమానంగా చూశాడు. చిన్నాయన ఉండి ఉంటే ఆ పక్క సీటాయన్నే అంతకంటే అనుమానంగా చూసేవాడు.

ఆయన మా నాయన తమ్ముడు. పట్టుచీరలు నేసేవాడు. పిల్లలు లేని ఇల్లు కావడంతో నన్నే కొడుకు కింద లెక్కేసుకున్నాడు. అలాగని నన్నేమీ నమ్మేవాడు కాదు. హిందూపురంలో స్కూల్లో లెక్కలు చెప్తున్నానంటే, ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చి స్కూలు గేటు బయట నిలబడి, నేను నిజంగా క్లాసులోకే పోతున్నానా అని చూసుకుని పోయాడు. ఆటో ఎక్కితే డ్రైవరు ఏ సందులో తిప్పాడో గుర్తుపెట్టుకునేవాడు. ఇంటికి తాళం వేసి, గుంజి చూసి, వీధి చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి మళ్ళీ గుంజేవాడు. మంచి తాళమే కదా అంటే, "తాళం మంచిదేరా, వేసిన చెయ్యి మీదనే నాకు అనుమానం," అనేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఊరందర్నీ అనుమానిస్తావే, నిన్ను నువ్వన్నా నమ్ముతావా చిన్నాయనా?"

"నన్ను అనుమానించినాకనే కదరా ఊరి మీదికి పోయేది," అన్నాడు. ఈ విషయంలో ఆయన ధర్మం తప్పని మనిషి.

ఆయన నమ్మింది ఒక్క చిన్నమ్మ చేతిని. అది నా ఒక్కడి మాట కాదు, వాళ్ళ మగ్గం చూసినవాళ్ళెవరైనా చెప్తారు. చీరకు ఒక రంగు, అంచుకు ఇంకో రంగు పడాలంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. నేసేవాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. అంచు దారం చుట్టిన నాడెను అటు నుంచి తోసే మనిషి పక్కన కూర్చుంటుంది. చిన్నమ్మ పెళ్ళై వచ్చిన కొత్తలో ఆయన ఎడమ పక్కన కూర్చుంది. ఆ చోటు మళ్ళీ మారలేదు. నాడె వచ్చిందా లేదా అని ఆయన ఏనాడూ అటు తిరిగి చూసేవాడు కాదు.

ఆ చేతికే నొప్పి వచ్చింది. కుడి భుజం పట్టేసి జడ వేసుకోవడం కూడా కష్టమైతే నేను హిందూపురం పిలిపించి డాక్టరుకు చూపించాను. మగ్గం మీద కూర్చోవడం మానకపోతే ఆ చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరు చెప్పాడు. చిన్నమ్మ తలూపి, ఇంటికి పోయి, మరుసటి రోజే మగ్గం ఎక్కింది. "ఆయప్పకేం తెలుసు, నేను కూర్చోకపోతే ఈయన అంచు ఎవురేస్తారు?" అంది. చిన్నాయన కసిరాడు, బతిమాలాడు, అలిగి అన్నం మానేశాడు. చిన్నమ్మ అన్నం మూతపెట్టి మళ్ళీ పోయి కూర్చుంది.

మూడేళ్ళ కిందటి చలికాలం, క్రిస్మస్ సెలవులకు ముందు, ఆయన మళ్ళీ మా స్కూలు గేటు దగ్గర కనబడ్డాడు. అటూ ఇటూ చూసి నన్ను వేపచెట్టు పక్కకు పిలిచి చేతిలో ఇంటి తాళంచెవి పెట్టాడు. ఆ చెవి ఆయన మొలతాడు వదిలి బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ చిన్నమ్మను విశాఖపట్నం తీసకపోతాండా, ఊరు చూపిచ్చేకి. మేము ఆడ ఉన్నెప్పుడు నువ్వు మగ్గం ఊడదీపిచ్చెయ్. బత్తలపల్లిలో కొత్తగా పెండ్లైనోళ్ళు ఉండారు, వాళ్ళకిచ్చెయ్. గుంట పూడిపిచ్చి సిమెంటు ఎయ్యి."

"చిన్నమ్మతో ఒక మాట చెప్పరాదా?"

"చెప్తే ఆ గుంటలో దిగి కూర్చుంటాది. ఎవురు లేపాల? కండ్ల ముందర ఊడదీస్తే ఏడుస్తాది. నేను చూడల్యాను."

అలా మొదలైంది వాళ్ళ విహారయాత్ర. వీధి వీధంతా అనుమానపడింది. సంక్రాంతి దాటితే ముహూర్తాలు, చేతినిండా పని, పక్కూరి జాతరకే పోని మనిషి పెళ్ళాన్ని తీసుకుని సముద్రం చూడబోతున్నాడంటే ఎవరు నమ్ముతారు? అందరికంటే ఎక్కువ అనుమానపడింది చిన్నమ్మ. రైలు గుత్తి దాటకముందే నాకు ఫోన్ చేసింది. "మీ చిన్నాయనకు ఏదో పెద్ద రోగం వచ్చిండాదిరా. ఆడ ఆస్పత్రిలో చూపించుకునేకి పోతాండాడు. నాతో దాస్తాండాడు."

ఆ నాలుగు రోజులూ చిన్నాయన విశాఖపట్నాన్ని అనుమానించాడు, చిన్నమ్మ చిన్నాయనను అనుమానించింది. హోటల్ గదిలో కొళాయి తిప్పితే నీళ్ళు ఆగకుండా వచ్చాయట. మా ఊళ్ళో నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో తెలియదు. "ఇట్ల వస్తాండాయంటే తెల్లారేసరికి నిల్చిపోతాయి చూడు," అని బకెట్లు, మగ్గులు, గాజు గ్లాసులు, ఆఖరికి టీ ఫ్లాస్కు కూడా నింపి పెట్టాడు. పొద్దున గది ఊడ్చడానికి వచ్చినామె కాలు పెట్టే చోటు లేక గుమ్మంలోనే నిలబడిపోయింది. బీచ్ పక్కన ఒడ్డుకెక్కించిన సబ్‌మెరైన్ చుట్టూ తిరిగి, "నీళ్ళలో ఉండాల్సింది రోడ్డు మీద ఉండాదంటే ఏదో జరిగే ఉంటాది," అని లోపలికి పోనివ్వలేదు. కైలాసగిరి మీదికి తీగ మీద పోయే డబ్బాలో ఎక్కుదామని చిన్నమ్మ ఎంత అడిగినా, ఆ తీగ ఎక్కడ అతికారో చూపిస్తేగానీ ఎక్కనన్నాడు. ఎవరు చూపిస్తారు? చివరికి ఆటోలో పోయారు, ఆటోను అనుమానిస్తూ.

నేనేమో ధర్మవరంలో ఆయన చెవితో ఆయన తలుపే తీసి, దొంగలా లోపలికి పోయాను. వడ్రంగి మేకులు ఊడదీస్తుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది.

"రేయ్, ఈయప్పకు కచ్చితంగా రోగమేరా. సముద్రం కాడ నా చెయ్యి పట్టుకున్యాడు. ఇంతమంది ముందర! పెండ్లిలో తప్ప ఎప్పుడన్నా పట్టుకున్యాడా? నిజం చెప్పు, ఏం రోగం నీకు అని అడిగితే, నీళ్ళను నమ్మేకి లేదు, నా పక్కనే ఉండు అంటాడు." అంతలోనే గొంతు మారింది. "ఆ దెబ్బలేందిరా? యాడుండావు నువ్వు?"

పక్కింట్లో తలుపు బాగుచేస్తున్నారని చెప్పాను. నమ్మలేదని నాకు తెలుసు. అన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషి.

సాయంత్రం చిన్నాయన ఫోన్. చిన్నమ్మకు వినబడకుండా గుసగుసగా, "అయిందా? మెల్లిగా మోసినారా? ఆమె కూర్చునే పీట ఇయ్యొద్దు, దాపెట్టు," అన్నాడు. నేను వడ్రంగిని ఆపి పీట పక్కన పెట్టించాను.

వాళ్ళు తిరిగి వచ్చిన పొద్దున నేను స్టేషనుకు పోయి ఇంటికి తీసుకొచ్చాను. చిన్నాయన నా దగ్గర చెవి తీసుకుని తలుపు తీసి, కాళ్ళు కడుక్కోవాలంటూ దొడ్లోకి పోయి, ఇక రాడే. చిన్నమ్మ ముందుగదిలో నిలబడింది. గుంట ఉన్నచోట కొత్త సిమెంటు తెల్లగా ఉంది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత దొడ్డివైపు తిరిగి గట్టిగా అంది.

"ఇదా నీ రోగం?"

దొడ్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. మగ్గం పోయిందని ఏడ్చిందో, ఆయనకు రోగం లేదని ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. నేనూ ఏడ్చాను. ఆ మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి నేను.

చిన్నమ్మ ఆయనతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. ఒక సాయంత్రం సినిమాకు పోదామని నేనే ఇద్దరినీ బయలుదేరదీశాను. ఆయన తాళం గుంజి, వీధి చివరిదాకా వచ్చి, అలవాటుగా వెనక్కి తిరిగాడు. చిన్నమ్మ నోరు విప్పింది. "పడిందిలేబ్బా, నేను చూసినా. రా." ఆయన ఆగాడు. వెనక్కి పోలేదు. నాకు తెలిసి ఆయన రెండోసారి గుంజకుండా వదిలేసిన తాళం అదొక్కటే.

అప్పటి నుంచి ఆయన వేరేవాళ్ళ మగ్గం మీద ఒంటరిగా అంచు పని లేని చీరలు నేశాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడల్లా, దొంగతనంగా ఏ ఇంట్లో అయినా మగ్గం ఎక్కిందేమోనని చిన్నమ్మ కొంగు మీద పట్టు నూగు కోసం వెతికేవాడు. ఆమె జడ మళ్ళీ ఆమే వేసుకోగలిగింది.

నేను బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఆయన్ను ముందుగదిలో పడుకోబెట్టి ఉన్నారు. చోటు ఎవరు చూశారో తెలియదు, సరిగ్గా ఆ తెల్ల సిమెంటు మీదనే. తలదాపున దీపం వెలుగుతోంది. నాకు ఆయన్ను ఒకసారి పిలవాలనిపించింది, నమ్మకం కుదరక.

"తలకాడ కూర్చోమ్మా," అని ఎవరో పెద్దామె చిన్నమ్మతో అంది.

"నా చోటు ఈడ," అంది చిన్నమ్మ. లోపలి నుంచి తన మగ్గం పీట తెప్పించుకుని ఆయన ఎడమ పక్కన కూర్చుంది. వచ్చినవాళ్ళు దండ వేసినప్పుడల్లా ఆయన మీద కప్పిన తెల్లగుడ్డ కొంచెం జరిగేది. ఆమె కుడిచెయ్యి ముందుకు వచ్చి, గుడ్డ అంచు సరిచేసి, మళ్ళీ ఒళ్ళోకి పోయి, తర్వాతి దండ కోసం ఆగేది.