రొయ్యల చెరువు గట్టు మీద నా తెలుగు

మొన్న మరిపెడలో మహబూబాబాద్ బస్సు కోసం నిలబడి ఉంటే, పొలాలకు తోలే చెరువు మట్టితో ఓ ట్రాక్టర్ పక్కనుంచి పోయింది. అందరూ ముక్కులు మూసుకున్నారు గానీ నేను మాత్రం ఆ వాసన నిండుగా పీల్చుకున్నాను. ఒకప్పుడు నాకు అన్నం పెట్టింది బురదే మరి!

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, తండాలో లంబాడీ మాట్లాడుతూ పెరిగి బడిలో తెలుగు నేర్చిన నేను, ఆంధ్రాలో సముద్రం ఒడ్డున రొయ్యల చెరువుల నీరూ మట్టీ పరీక్షించే ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం చేసేదాన్ని. ఇక్కడ మా చెల్లెలు రైలు పట్టాల మీద కూర్చుని నినాదాలిస్తుంటే, నేనక్కడ మోకాళ్ళదాకా బురదలో దిగి, "కొంచెం" అనకుండా "జర" అంటే నవ్వే మనుషుల మధ్య పళ్ళు బిగించి పనిచేశాను. ఒళ్ళు మండేది నాకు.

ఒక ఆసామికి పంట రొయ్యంతా చచ్చిపోయింది. ఇంకో పంట పోతే చెరువే వదులుకోవాలి. ఆ ఆదుర్దాలో వెంటనే నీళ్ళు పెట్టి రొయ్య పిల్లను వదలబోయాడు. అడుగు మట్టి తీసి చూద్దును కదా, కాటుకలా నలుపు, కుళ్ళిన గుడ్ల కంపు, గాలాడని మట్టికి గుర్తు! మిగిలిన మేతా రొయ్యల మలమూ పేరుకుని, అందులోని నత్రజని రొయ్యకు విషమైన అమ్మోనియాగా మారి, గాలి సోకక అక్కడే తిష్ఠ వేసింది.

"జర ఆగుండ్రి. నెర్రెలు బాసేదాంక ఎండనియ్యుండ్రి," అన్నాను.

గట్టు మీద కూలీలు గొల్లున నవ్వారు. "అదేం తెలుగమ్మా!" అని ఆసామీ నవ్వాడు.

"గిది మా తెలుగు. నవ్వుడు అయినంక మట్టి సంగతి ఇనుండ్రి," అన్నాను.

మా అమ్మను మేం యాడి అంటాం. మా ఊరి చెరువు మట్టిని ఎండబెట్టి, కంపు పోయేదాకా యాడి చేనులో చల్లనిచ్చేది కాదు. నెర్రెల్లోంచి గాలి దూరితే మట్టిలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయనీ, మళ్ళీ నీళ్ళు పెట్టాక అందులో కొంత వాయువై ఎగిరిపోతుందనీ నేను చదువుకున్నదీ, యాడి చేసిందీ ఒక్కటే. అదంతా ఆసామి గట్టు మీద గొంతుక్కూర్చుని చివరిదాకా విన్నాడు. ఆగాడు కూడా.

ఈ పంట పోతే ఉద్యోగం ఊడుతుందని మా అధికారి బెదిరించాడు. నీళ్ళు పెట్టాక పరీక్ష చేస్తే, అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ కావలసిన గొట్టం పసుపుగానే నిలిచింది. అబ్బ, ఆ పసుపు! పంట నిలబడింది. తెలంగాణా అమ్మాయిని అడక్కుండా నీళ్ళు పెట్టకండని ఆసామి ఊరంతా చెప్పాడు, నా ఛాతీ ఉప్పొంగింది.

రాష్ట్రం వచ్చింది, నేను ఇంటికొచ్చాను. ఇప్పుడు నా మాటకు ఎవరూ నవ్వరు, కావలసిందీ అదే. కానీ నా మాట నమ్మి తన పంటనంతా నా చేతుల్లో పెట్టిన మనిషి మాత్రం ఆ ఒడ్డునే ఉండిపోయాడు.