దాచుకున్న పేరు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మన తెలుగువాళ్లకు ఆడపిల్ల పుడితే, కిటా అనే అక్కడి పసిపిల్లల బడి టీచర్లకు నోరు తిరిగే పేరు కోసం హిమజకే ఫోను చేస్తారు. “సోఫియా గ్రీకు పేరు, జ్ఞానమని అర్థం” అని చెవికమ్మ తిప్పుకుంటూ గడగడా చెబుతుంది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆమెకింకా పిల్లల్లేరు. అయినా ఇంద్రధనుస్సు అని అర్థమొచ్చే ఐరిస్ అనే పేరును మాత్రం తన కూతురికని ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. మొన్న పక్కింటి సింధూర కూతురి బారసాలలో, పళ్లెంలో పోసిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో ఆ పేరే రాశాడు. చెవికమ్మ మీద హిమజ వేళ్లు ఆగిపోయాయి. “పేరు నేనే ఎతికినక్కా. అర్థం మాత్రం నువ్వే చెప్పాలె” అంటూ సింధూర తన పాపను హిమజ ఒడిలో పెట్టింది. అందరూ చెవులొగ్గారు.

“దీనికి అర్థమంటూ ఏమీ లేదు సింధూరా, ఉత్త పేరే” అంది హిమజ, పాప ముఖంలోకి చూడకుండా.